చిత్తూరు చాక్లెట్టు ముచ్చట

దగ్గరికి జరగండర్రా, భోగిమంట ఇంకా ఆరలేదు. ఒరే చిన్నోడా, ఇంకో పిడక వెయ్యి. అమెరికా నుంచి మీ పిన్ని తెచ్చిన కిట్‌క్యాట్ కాగితం ఇలా ఇవ్వు. వెనకాల ఏముంది? హెర్షీ. మన వీధి చివర కొట్లో కొన్నదాని మీద? నెస్లే. పేరొకటే, రంగొకటే, యజమానులు వేరు.

కిట్‌క్యాట్ పుట్టింది ఇంగ్లండులో, రౌన్‌ట్రీ అనే కంపెనీ వాళ్ల దగ్గర. 1970లో వాళ్లు అమెరికా వరకు హక్కులు హెర్షీకి రాసిచ్చారు. 1988లో నెస్లే వచ్చి రౌన్‌ట్రీనే కొనేసింది. పొలం చేతులు మారినా కౌలుదారు కదలనట్టు, అమెరికాలో ఇప్పటికీ హెర్షీయే దాన్ని చేసి అమ్ముతోంది. క్యాడ్‌బరీ సంగతీ అంతే: ఇక్కడ మాండలీజ్ వాళ్లది, అక్కడ హెర్షీ చేస్తుంది.

నేను చెప్పాలనుకున్నది మాత్రం మన న్యూట్రిన్ చాక్లెట్ల గురించి. మా చిన్నప్పుడు బెజవాడ గవర్నర్‌పేటలో కిరాణా కొట్టు బల్ల మీద గాజు సీసాలు వరసగా ఉండేవి. కొట్టాయన రేకు మూత తిప్పుతుంటే కిర్రుమనేది. రెండు చివర్లా మెలితిప్పిన కాగితం విప్పి, చాక్లెట్టు బుగ్గన పెట్టుకుని, ఆ కాగితం సాపు చేసి లెక్కల పుస్తకంలో దాచుకునేదాన్ని. మర్నాడు పేజీ తీస్తే పాల వాసన. "చిత్తూరు సరుకమ్మా" అనేవాడు కొట్టాయన. మనవాళ్లు చేసిందంటే ఎంత గర్వమో!

1952లో బి. వెంకట్రామరెడ్డిగారు చిత్తూరులో పెట్టిన కంపెనీ న్యూట్రిన్. 2006లో గోద్రెజ్ వాళ్లు కొన్నారు. మరుసటేడు హెర్షీ వచ్చి 51 శాతం వాటా తీసుకుంది. 2012లో గోద్రెజ్ తప్పుకుంది, మొత్తం హెర్షీ చేతికి వెళ్లింది. మీ నాన్న చప్పరించిన న్యూట్రిన్ వాళ్ల మహాలాక్టో కూడా అలా అమెరికా వాళ్లదైంది. అదే హెర్షీకి మన దేశంలో కిట్‌క్యాట్ అమ్మే హక్కు మాత్రం లేదు!

నాకిప్పటికీ మనసొప్పదు. యాభై ఏళ్లు నిలబెట్టుకున్న పేరు ఆరేళ్లలో చేతులు మారిపోయింది.

పూతరేకుల పేరు సంగతి వేరు. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి పిండినీళ్లలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి లాగితే, క్షణంలో రేకు లేస్తుంది. ఆత్రేయపురం ఆడవాళ్ల చేతి పని అది. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు ఊరందరిదీ, ఏ ఒక్కరూ అమ్ముకోలేరు.

రేపు బెజవాడ బస్టాండులో పూతరేకులు కొనేటప్పుడు, ఆత్రేయపురంలో చేసినవేనా అని అడిగి మరీ కొనండి.