ఫోను పెట్టేసిన తరువాత

హిందూపురం నుంచో, కుప్పం నుంచో బెంగళూరుకు ఆడపిల్లనిచ్చిన ఇళ్ళు మన వైపు తక్కువేమీ కాదు. రైలెక్కితే గంటల దూరమే. కానీ అర్ధరాత్రి ఆ పిల్ల మీద చెయ్యి పడితే ఎవరికి చెప్పుకోవాలి? ఆ నగరం ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి చాలా ఏళ్ళు తీసుకుంది.

1979లో అక్కడ 'విమోచన' అనే మహిళా సంస్థ పుట్టింది. 1990లలో దాని కార్యకర్తలు విక్టోరియా ఆసుపత్రి కాలిన గాయాల వార్డు చుట్టూ తిరిగారు, పోలీసు రికార్డులు తిరగేశారు. 'స్టవ్ పేలింది', 'వంటింట్లో ప్రమాదం' - ఎక్కువగా ఇవే మాటలు. ఆ స్టవ్ కోడళ్ళ చేతిలోనే ఎందుకు పేలుతోందని వాళ్ళు అడిగారు.

1999లో నగర పోలీసులు, స్వచ్ఛంద సంస్థలు కలిసి 'వనితా సహాయవాణి' ప్రారంభించారు. ఇన్‌ఫెంట్రీ రోడ్డులో కమిషనర్ కార్యాలయంలోనే ఆఫీసు, నెంబరు 1091. మంచి పనే. కానీ ఆ రోజుల్లో ఇంట్లో ఫోనుంటే హాల్లో, అందరి ఎదుటా ఉండేది. ఎస్.టి.డి. బూతులో ఎవరి చెవిన పడుతుందోనని భయం.

ఫోను ఎత్తడంతో పని అయిపోదు. అమెరికాలో సెయింట్ పాల్ నగరపు మహిళలు 1972లో ఇలాంటి ఫోను పెట్టారు, చట్టం సంగతులు చెబుదామని. తీరా చూస్తే, చేసినవాళ్ళకు కావలసింది ఆ రాత్రి తలదాచుకునే చోటు. కార్యకర్తలు తమ ఇళ్ళలోనే చోటిచ్చారు. 1974లో శరణాలయం తెరిచారు. అందుకే ఎన్ని ఫోన్లు వచ్చాయన్న లెక్క నాకంత గొప్పగా అనిపించదు. ఆ తరువాత ఆమె ఎక్కడ పడుకుంది, అది చెప్పండి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, కర్ణాటకలో పెళ్ళయిన స్త్రీలలో 44 శాతం మంది భర్త హింసకు గురయ్యామన్నారు. దేశం మొత్తం మీద, హింస అనుభవించినవారిలో ఎవరినైనా సాయమడిగింది 14 శాతమే. వాళ్ళలోనూ ఎక్కువమంది అడిగింది సొంతవాళ్ళనే. అంటే మొదటి ఫోను మీకే వస్తుందండీ.

ప్రాణాపాయమైతే 112. సలహాకు, ఆశ్రయానికి 2015లో కేంద్రం తెచ్చిన పథకం కింద 181. మరొకటి: అత్తింటి వేధింపులు భరించలేక పుట్టింటికి వచ్చేసిన స్త్రీ అక్కడే కేసు పెట్టవచ్చని సుప్రీంకోర్టు 2019 ఏప్రిల్ 9న తీర్పు చెప్పింది. హిందూపురం స్టేషనులో "బెంగళూరు పోయి ఇచ్చుకోండమ్మా" అంటే, ఈ తేదీ చెప్పండి.