సౌర ఘటాల దక్షత - ఇంటి కరెంటు బిల్లు

సూర్యకాంతిని నేరుగా విద్యుత్తుగా మార్చే సాధనాన్ని సౌర ఘటం, అంటే సోలార్ సెల్, అంటారు. దాని మీద పడిన కాంతిశక్తిలో ఎంత శాతం విద్యుత్తుగా మారుతుందో అదే దాని దక్షత. మలేషియాలో ఇంటి కప్పు మీద సోలార్ పెట్టించాలనుకునే మన వాళ్లకు అమ్మకందార్లు మొదట చూపించే అంకె ఇదే. "మాది 22 శాతం, వాళ్లది 20 శాతమే" అంటారు. మరి ఆ రెండు శాతానికి ఎంత ఎక్కువ డబ్బు ఇవ్వవచ్చు?

ఇక్కడ మన భాషలోనే ఒక చిక్కు ఉంది. దక్షతనూ సామర్థ్యం అంటాం, ప్యానెల్ ఎన్ని కిలోవాట్లదో చెప్పడానికీ సామర్థ్యం అనే అంటాం. రెండూ వేరు. 22 శాతం దక్షత ఉన్న ప్యానెళ్లతో 5 కిలోవాట్లు పెట్టడానికి సుమారు 23 చదరపు మీటర్ల కప్పు కావాలి. 15 శాతం దక్షత ఉన్న పాతరకం ప్యానెళ్లయితే 33 చదరపు మీటర్లు కావాలి. అయితే రెండూ 5 కిలోవాట్లే, రెండూ ఇచ్చే కరెంటు దాదాపు ఒకటే. కాబట్టి దక్షత ముఖ్యంగా చెప్పేది కప్పు ఎంత కావాలన్నది. లింక్ హౌస్‌లో ఉండేవారికి ఇది పెద్ద విషయమే. కప్పు మీద చోటు పుష్కలంగా ఉన్న బంగళా వారికి అంత కాదు.

1954లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్ చూపించిన మొదటి సిలికాన్ ఘటం దక్షత 6 శాతం. ఇప్పుడు ఇళ్ల మీద పెట్టే ప్యానెళ్లది 20 నుంచి 23 శాతం. ప్రయోగశాలల్లో సిలికాన్ ఘటం 27 శాతం దాటింది. నూటికి నూరు ఎందుకు రాదు? కాంతిలో కొన్ని కణాలకు సిలికాన్‌లో ఎలక్ట్రాన్‌ను కదిలించేంత శక్తి ఉండదు. కొన్నింటికి అవసరానికి మించి ఉంటుంది, ఆ మిగులు వేడిగా పోతుంది. ఒకే పొర ఉన్న ఘటం దక్షతకు ఒక హద్దు ఉందని షాక్లీ, క్వైజర్ 1961లో లెక్క తేల్చారు. ఇప్పటి లెక్కల్లో అది సుమారు 33 శాతం. సిలికాన్‌కు ఆ హద్దు 29 శాతం దగ్గర ఉంది. దీన్ని దాటడానికే సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ అనే మరో పదార్థపు పొర వేస్తున్నారు. అటువంటి జంట ఘటాలు ప్రయోగశాలల్లో 34 శాతం దాటాయి. అయితే ఎండా వానా తట్టుకుని పాతికేళ్లు పనిచేస్తాయని అవి ఇంకా నిరూపించుకోవాలి. వాటి కోసం ఎదురు చూస్తూ కూర్చోవడం నా దృష్టిలో అనవసరం.

ప్యానెల్ వెనుక రాసి ఉండే దక్షత, వాట్లు అన్నీ ఘటం 25 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు కొలిచినవి. కౌలాలంపూర్‌లో మధ్యాహ్నం కప్పు మీద ఘటం 60 డిగ్రీలు దాటడం మామూలే. సిలికాన్ వేడెక్కే కొద్దీ ఉత్పత్తి తగ్గుతుంది. పెర్క్ రకంలో ప్రతి డిగ్రీకి సుమారు 0.35 శాతం, టాప్‌కాన్‌లో 0.3, హెటిరోజంక్షన్‌లో 0.25 దాకా తగ్గుతుంది. అంటే 60 డిగ్రీల దగ్గర పెర్క్ ప్యానెల్ 12 శాతం పోగొట్టుకుంటే హెటిరోజంక్షన్ 9 శాతమే పోగొట్టుకుంటుంది. ఈ దేశంలో ఉండేవారు దక్షత కన్నా ముందు అడగవలసిన అంకె ఈ ఉష్ణోగ్రత గుణకమే. ప్యానెల్‌కీ పెంకులకీ మధ్య గాలి ఆడే ఖాళీ ఉందో లేదో కూడా చూసుకోవాలి.

దక్షిణం వైపు వాలు లేదే అని దిగులు పడనక్కరలేదు. అది మన ఊళ్లలో చెప్పే లెక్క. కౌలాలంపూర్ భూమధ్యరేఖకు మూడు డిగ్రీల దూరంలోనే ఉంది కనుక, వాలు తక్కువగా ఉంటే కప్పు ఏ దిక్కుకు ఉన్నా పెద్ద తేడా రాదు. (వాస్తు పండితులు క్షమించాలి!) నీడ మాత్రం చేటు. ప్యానెళ్లను వరుసగా ఒకే తీగ మీద కలుపుతారు కాబట్టి, ఒక్క ప్యానెల్ మీద నీళ్ల ట్యాంకు నీడ పడినా దాని ప్రభావం మిగతావాటి మీద కూడా పడవచ్చు.

ఇక బిల్లు సంగతి. కౌలాలంపూర్ ప్రాంతంలో ఒక కిలోవాట్ ప్యానెళ్లు నెలకు సుమారు 100 యూనిట్లు ఇస్తాయి. పెనాంగ్, కెడా వైపు కొంచెం ఎక్కువ. 2019 నుంచి నెట్ మీటరింగ్‌లో గ్రిడ్‌కు పంపిన యూనిట్‌కు బదులు యూనిట్ లెక్క కట్టేవారు. ఆ పథకం కొత్తవారికి 2025 జూన్ 30తో ముగిసింది. 2026 జనవరి 1 నుంచి వచ్చిన సోలార్ ఆటాప్‌లో లెక్క మారింది. 2025 జూలై టారిఫ్ ప్రకారం నెలకు 1500 యూనిట్లలోపు వాడే ఇంటికి గ్రిడ్ నుంచి తీసుకునే యూనిట్ ఎనర్జీ, కెపాసిటీ, నెట్‌వర్క్ ఛార్జీలు కలిపి 44.43 సెన్. మనం గ్రిడ్‌కు పంపే మిగులుకు వచ్చేది మాత్రం ఎనర్జీ ఛార్జీ 27.03 సెనే. ఆ నెల మిగులు మరుసటి నెలకు బదిలీ కాదు కూడా.

దీని అర్థం ఏమిటంటే, పగలు ఇద్దరూ ఆఫీసుకు పోయి తాళం వేసి ఉండే ఇంట్లో 5 కిలోవాట్లు పెట్టినా ఆదా అంతంతమాత్రమే. అదే పగలు పెద్దవాళ్లు ఉండి ఎయిర్‌కాన్ నడిచే ఇల్లు, లేదా కారుకు మధ్యాహ్నం ఛార్జింగ్ పెట్టే ఇల్లు అయితే ప్రతి యూనిట్‌కూ 17 సెన్లు ఎక్కువ మిగులుతాయి. రెండు శాతం దక్షత తేడా ఇంత ఫలితం ఇవ్వదు. వాషింగ్ మెషిన్‌ను, నీళ్ల హీటర్‌ను పగటి వేళకు మార్చుకోవడానికి ఖర్చేమీ లేదు. తక్కువ వాడే ఇళ్లకు వేరే రాయితీ ఉంది కనుక, కొటేషన్ అడిగే ముందు మీ ఇంటి ఆరు నెలల బిల్లులు దగ్గర పెట్టుకుని పగటి వాడకం ఎంతో చూసుకోండి.

ఇండియాలో అమ్మానాన్నల ఇంటికి పెట్టించాలనుకునేవారికి ఒక మాట. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల కేంద్ర సబ్సిడీ వస్తుంది. అక్కడ మే నెల వేడికి తోడు దుమ్ము ఎక్కువ. ఇక్కడ ప్యానెళ్లను వాన కడుగుతుంది, అక్కడ వేసవి అంతా మనుషులు కడగాలి. డాబా ఎక్కి ఆ పని చేసేవారు ఎవరో ముందే మాట్లాడి పెట్టుకోవడం మంచిది.