బళ్లారిమండలపు వీధిబడులు: బాలురకు మతబోధ

పూర్వకాలపు వీధిబడులలో హిందూబాలురకు మతబోధ చక్కఁగా జరుగుచుండెనని వాదించువారును, అచ్చట జరిగినది అర్థము తెలియని వల్లెవేఁతయే కాని బోధ కాదని వాదించువారును గలరు. వింత యేమనఁగా, ఉభయపక్షములవారును దఱచుగా నొక్క పత్రమునే సాక్ష్యముగాఁ జూపుదురు. అది బళ్లారి కలెక్టరగు అలెగ్జాండర్ డంకన్ కాంబెల్ దొర 1823వ సంవత్సరము ఆగస్టు 17వ తేదిని చెన్నపురి రెవిన్యూబోర్డునకు వ్రాసిన నివేదిక. దానిని నిదానముగాఁ జదివినచో ఉభయులకును సంతుష్టి కలుగదని నా యభిప్రాయము.

గవర్నరగు సర్ తామస్ మన్రో 1822 జూన్ 25వ తేదిని మండలములలోని దేశీయపాఠశాలల లెక్క తెలుపవలసినదని కోరెను. పలువురు కలెక్టర్లు పట్టికలు పంపి యూరకుండిరి. కాంబెల్ బడిపిల్లవాని దినచర్యను సయితము వర్ణించెను. ఈయన 1816లోఁ దెలుఁగు వ్యాకరణమును, 1821లోఁ దెలుఁగు నిఘంటువును బ్రకటించినవాఁడు. కావున బడిలో వినవచ్చు పద్యము ఏ భాషలోనిదో, అది వాడుకమాటకు ఎంత దూరమో యెఱుఁగనివాఁడు కాఁడు.

నాఁటి బళ్లారిమండలము మిక్కిలి పెద్దది. 1882లో వేఱుపడిన అనంతపురమండలమును, ఆదవాని ప్రాంతమును దానిలోనివే. జనసంఖ్య 9,27,857. బడులు 533, వానిలోఁ గన్నడపుబడులు 235, తెలుఁగుబడులు 226, మహారాష్ట్రపుబడులు 23, పారసీబడులు 21, అఱవబడులు 4, ఇంగ్లీషుబడి 1. తక్కిన 23 బ్రాహ్మణులు మాత్రమే చదువు సంస్కృతపాఠశాలలు. వేదాంతము, జ్యోతిషము, తర్కము, ధర్మశాస్త్రము అచ్చట కొంతకొంతగా నడచుచుండెను. విద్యార్థులందఱును 6,641 మంది, అనఁగా జనులలో వేయింటికి ఏడుగురు. బాలురలో బ్రాహ్మణులు 1,185, వైశ్యులు 981, శూద్రులు 2,998, ఇతరకులములవారు 1,174, మహమ్మదీయులు 243. బాలికలు 60 మంది. ఈ యఱువదింటిని మరల స్మరింపవలసి వచ్చును.

పిల్లవానికి ఐదవయేడు రాఁగానే తల్లిదండ్రులు పంతులను, బడిపిల్లలను ఇంటికిఁ బిలుచుచుండిరి. అందఱును వినాయకప్రతిమ చుట్టును గూర్చుండఁగా, పిల్లవాఁడు ప్రతిమకు ఎదురుగాఁ గూర్చుండును. ధూపనైవేద్యములైన పిమ్మటఁ బంతులు వానిచేత జ్ఞానమిమ్మని ప్రార్థన పలికించి, వ్రేలు పట్టి బియ్యములో దేవతానామమును వ్రాయించును. మఱునాఁటినుండి బడి. బాలుఁడు మొదట వ్రాసినది అక్షరము గాదు, దేవుని పేరు. శివునికిఁ జేయు నమస్కారమునుబట్టియే కదా తెలుఁగువారు వర్ణమాలను ఓనమాలనుచున్నారు!

ఉదయమున ఆఱుగంటలకు బడికి మొదట వచ్చినవాని యఱచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న. మూఁడవవానికి మెల్లని దెబ్బ. ఆ పిమ్మట వచ్చినవారికి వరుసగాఁ బెరుఁగును. ఇసుకలో వ్రేలితో దిద్దుట, పిదపఁ దాటాకుపై గంటము, కడితముపై బలపము. సోమరికిఁ గోదండము, గుంజిళ్లు. (గుడిలో వినాయకుని యెదుట భక్తితోఁ దీయు గుంజిళ్లే బడిలో శిక్ష యగుట పిల్లలకు వింతగాఁ దోఁచెనో లేదో!) ఇంతవఱకు మతమను పేరుగల పాఠమొక్కటియు లేదు. కాని ఏ పనియు దేవుని పేరు లేక మొదలుకాలేదు.

ఇఁక పుస్తకములు. రామాయణ భారత భాగవతములను గాంబెల్ అందఱికిని సామాన్యమైన గ్రంథములుగాఁ బేర్కొనెను. అయితే పనిపాటలవారి పిల్లలకు విశ్వకర్మపురాణము మొదలైనవియు, లింగధారుల పిల్లలకు గిరిజాకల్యాణము, చెన్నబసవేశ్వరపురాణము మొదలైనవియు వేఱుగాఁ గలవని చెప్పెను. మన వాదప్రతివాదులు ఈ వాక్యములను దాఁటిపోవుచున్నారు. వీధిబడి హిందూమతమను నొక్క మతమును బోధింపలేదు. ఎవరి యింటి దైవమును, ఎవరి వృత్తికిఁ దగిన పురాణమును వారికిఁ జెప్పెను. ఒకే యరుఁగుమీఁదఁ గూర్చుండిన యిరువురు బాలురు వేఱువేఱు పురాణములు వల్లించి యుందురు; పంతులకు అది చిక్కుగాఁ దోఁచినట్లు లేదు.

కాంబెల్ నిందావాక్యమును దాఁచుట న్యాయము కాదు. గ్రంథములన్నియు వ్యవహారభాషకు దూరమగు పద్యభాషలో నుండుటచేత బాలుఁడు చిలుకవలె వల్లించుచున్నాఁడనియు, ఆ పద్యములకు అర్థము చెప్పఁగల పంతుళ్లు కొలఁదిమందియే యనియు, కష్టపడి చదివిన ఈ చదువువలన నీతిసంస్కార మేమియుఁ గలుగుటలేదనియు ఆయన వ్రాసెను. మొదటి రెండు మాటలు నిజమే. అమరము వల్లించి దాని యర్థమును నలువదియవ యేఁట గ్రహించినవారిని మన పెద్దలలోఁ జూచియే యున్నాము. మూఁడవ మాట మాత్రము తొందరపాటు. కాంబెల్ వ్రాసినది బడులను గూర్చి; దేవళమునఁ బురాణము చెప్పించుకొనుట, భజన, బొమ్మలాట ఆయనకు విషయములు గావు. పగలు నోటికి వచ్చిన పద్యమునకు రాత్రి పౌరాణికుఁడు తేటమాటలలో అర్థము చెప్పుచుండెను. బాలునకు శబ్ద మొకచోటను, అర్థ మింకొకచోటను దొరకెను. ఒకచోట మాత్రమే చూచినవానికిఁ జిలుక కనఁబడుట సహజము.

ఇప్పుడు ఆ యఱువదిమంది బాలికలు. వేలకొలఁది యాఁడుపిల్లలకు వీధిబడి లేదు. అయినను వారికి మతబోధ లేదనుట పొరపాటు. ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు వంటి పాటలు, నోముల కథలు తల్లి నోటనుండి, అమ్మమ్మ నోటనుండి, ఇంటిమాటలోనే వారికి వచ్చినవి. వానిలో నిఘంటువు వెదుకవలసిన మాట యరుదు. బడికిఁ బోయిన యన్న అర్థము తెలియని పద్యమును, బడి మొగమెఱుఁగని చెల్లెలు అర్థము తెలిసిన కథయు నేర్చుకొనిరి. కాంబెల్ తిరస్కారము అన్నకే తగులును. అయినను దీనినిఁ బొగడి విడుచుట తగదు. ఆ చెల్లెలు అన్న చదివిన భాగవతమును జన్మమందుఁ జదువలేకపోయెను. అస్పృశ్యులనఁబడినవారి పిల్లలకు బడి యరుఁగే కాదు, పురాణము చెప్పు దేవళమును దూరమే.

ఈ రెండు భాగముల పొత్తు చెడిన కథ దీర్ఘమైనది. తల్లిదండ్రులు బీదలై జీతము లియ్యలేకపోవుటచేత బడులు క్షీణించుచున్నవని కాంబెలే వ్రాసెను. 1846లో గవర్నరగు ట్వీడ్డేల్ ప్రభువు ప్రభుత్వపాఠశాలలలో బైబిలును బాఠ్యముగా నుంచఁదలఁచినప్పుడు, తెలుఁగు వర్తకుఁడగు గాజుల లక్ష్మీనరసుసెట్టి మొదలగువారు చెన్నపురిలో సభ చేసి ప్రతిఘటించిరి. కంపెనీ డైరెక్టర్లును ఆ తలంపును ద్రోసివేసిరి. 1854 నాఁటి వుడ్ లేఖ ప్రభుత్వవిద్యను మతేతరముగా నుంచెను. భాగవతపద్యములు తెలుఁగు వాచకములలో భాషాపాఠములై మిగిలినవి. అర్థము బడికి వచ్చెను. అఱచేతిలోని సరస్వతి పోయెను.

ఆ లోపమును దీర్పఁబూనినవారిలో ముఖ్యులు 1898లోఁ గాశియందు సెంట్రల్ హిందూకాలేజిని స్థాపించిన అనీబిసెంటు మొదలగువారు. 20వ శతాబ్దపు తొలియేండ్లలో వారు సనాతనధర్మపాఠ్యపుస్తకములను వరుసగాఁ బ్రకటించిరి. బాలురకు ప్రశ్నోత్తరరూపమగు చిన్నపుస్తకమును గూడఁ గూర్చిరి. శాఖాభేదముల జోలికిఁ బోక హిందువులందఱికి సమ్మతమగు దానినే చెప్పవలెనని వారి నియమము. మతమును బ్రత్యేకపాఠముగాఁ జేసినప్పుడు అట్టి నియమము తప్పదేమో. దానిని జదివిన బాలుఁడు తన మత మేదని యడిగినచో వెంటనే యుత్తరము చెప్పఁగలఁడు. కాంబెల్ చూచిన బాలుఁడు ఆ ప్రశ్నకుఁ దెల్లఁబోయి యుండును. అయితే లింగధారి బాలుని గిరిజాకల్యాణమునకును, కమ్మరి బాలుని విశ్వకర్మపురాణమునకును ఆ ప్రశ్నోత్తరములలోఁ జోటు లేదు.