ఆల్చిప్ప ఆడదా, మగదా?

స్వాతి కార్తెలో కురిసిన చినుకు ముత్యపు చిప్పలో పడితే ముత్యమవుతుందని మన పెద్దలు నమ్మారు. ఆ కథలో చిప్ప ఎప్పుడూ తల్లే. దానిని తండ్రిగా ఊహించిన కవి నా కంటబడలేదు. అయితే ముత్యాలనిచ్చే చిప్పలు వేరు, ఐరోపా, అమెరికా, చైనా, జపాను తీరాల్లో ఆహారం కోసం పెంచే ఆల్చిప్పలు వేరు. రెండింటికీ దగ్గరి చుట్టరికం కూడా లేదు. నేను చెప్పబోయేది ఆ రెండవ తెగను గూర్చి. అది ఆడదా, మగదా అన్న ప్రశ్న మూడు శతాబ్దాలుగా పండితులను వేధిస్తూనే ఉంది. దానితో ముడిపడినది వారి కుతూహలం ఒక్కటే కాదు, ఆ తీరాలను నమ్ముకున్న వేల కుటుంబాల కూడు కూడా.

చిక్కంతా ఏమిటంటే, పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. కోడికి తురాయి ఉన్నట్లు, నెమలికి పింఛమున్నట్లు ఆల్చిప్పకు లింగభేదాన్ని తెలిపే గుర్తేదీ లేదు. చిప్ప తెరచి, లోపలి పాలవంటి పదార్థాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, అండాలో శుక్రకణాలో చూసుకోవాలి. తెరిస్తే ప్రాణి చచ్చిపోతుంది. చచ్చినదానిని మరుసటి ఏడు మళ్ళీ ప్రశ్నించలేము కదా! ఈ చిన్న ఇబ్బందే శాస్త్రాన్ని చాలాకాలం తప్పుదోవ పట్టించింది.

డచ్చి దేశస్థుడు లేవెన్‌హుక్ 1695 ప్రాంతంలో తల్లి చిప్పలోనే ఈదులాడుతున్న డింభకాలను తన కటకాలతో చూశాడు. ఐరోపా ఆల్చిప్ప అండాలను నీటిలోకి వదలదు, మొప్పల మధ్య దాచుకుని కొన్నాళ్ళు సాకుతుంది. ఒకే చిప్పలో అండాలూ శుక్రకణాలూ కలిసి కనబడిన సందర్భాలూ ఉండడంతో, పందొమ్మిదవ శతాబ్దపు పండితులు పలువురు దీనిని ఉభయలింగి అని తేల్చేశారు. 1858లో విక్తోర్ కోస్త్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, తరిగిపోతున్న ఆల్చిప్పల దిబ్బలను తిరిగి నింపడం గురించి చక్రవర్తి మూడవ నెపోలియన్‌కు నివేదిక సమర్పించాడు. డింభకాలు అతుక్కోవడానికి నీటిలో ఆధారాలు పెట్టి, వాటి మీద పిల్లచిప్పలను సేకరించే పద్ధతి అక్కడి తీరాల్లో వేళ్ళూనుకున్నది ఆ రోజుల్లోనే. పెంపకం పెరిగినకొద్దీ, ఆ పిల్లలు ఎలా పుడుతున్నాయో తెలుసుకోవలసిన అవసరమూ పెరిగింది.

అట్లాంటిక్ ఆవలి ఒడ్డున విలియం కీత్ బ్రూక్స్ అదే పాఠాన్ని నమ్మి అమెరికా ఆల్చిప్పల మొప్పల్లో డింభకాల కోసం వెదికాడు. ఒక్కటీ దొరకలేదు. 1879లో మేరీలాండ్ రాష్ట్రంలోని క్రిస్‌ఫీల్డ్ రేవులో, ఒక చిప్పలోని అండాలను మరొక చిప్పలోని శుక్రకణాలతో గాజుపాత్రలో కలిపి చూశాడు. పిండాలు ఎదగసాగాయి. ఈ జాతిలో ఆడది వేరు, మగది వేరు, సంగమం బయటి నీటిలోనే జరుగుతుందని తేలింది. తరువాతి కాలపు హేచరీలన్నిటికీ ఆ గాజుపాత్రే పూర్వరూపమని నా అభిప్రాయం. బ్రూక్స్ చెప్పినది సత్యమే, కాని అది ఒక ఋతువుకు సంబంధించిన సత్యం. అతడు చూసిన ఆడది మరుసటి ఏడు కూడా ఆడదిగానే ఉండేదా అన్న ప్రశ్న అప్పటికి ఎవరికీ తట్టలేదు.

ఆ ప్రశ్న వేసినవాడు ఇంగ్లండులోని ప్లిమత్ పరిశోధనశాలకు చెందిన ఆర్టన్. 1920, 1921 సంవత్సరాల్లో ఇంగ్లండు తీరంలో ఆల్చిప్పలు కుప్పలుగా చచ్చిపోతే కారణం కనుక్కునే పని ఆయన మీద పడింది. ఆ సందర్భంలోనే డింభకాలను మోస్తున్న ఆడవాటిని వేరుచేసి పరిశీలిస్తూ వచ్చాడు. కొద్ది వారాల్లోనే అవి మగవిగా మారిపోతున్నాయి! ఉభయలింగి అన్న పాతమాట ఒక విధంగా నిజమే, కాని రెండు లింగాలూ ఒకేసారి కాదు, ఒకదాని తరువాత ఒకటి. ఆ రోజుల్లో ఈ మాట జీర్ణించుకోవడం తేలిక కాదు. 1905లో నెటీ స్టీవెన్స్ పిండిపురుగుల్లో మగలింగాన్ని నిర్ణయించే క్రోమోజోమ్‌ను గుర్తించినప్పటినుంచి, లింగం గర్భధారణ క్షణంలోనే రాసిపెట్టిన నుదుటిరాత అన్న భావం బలపడుతూ వచ్చింది. ఆల్చిప్ప ఆ రాతను ఏటేటా చెరిపి రాసుకుంటున్నది.

చంపకుండా లింగం తెలుసుకునే ఉపాయాన్ని అమెరికాలో పాల్ గాల్ట్‌సాఫ్ 1930లలో వాడాడు. ఒక్కొక్క చిప్పను విడిగా తొట్టిలో ఉంచి, అది నీటిలోకి వదిలినది అండాలో శుక్రకణాలో చూసి గుర్తు వేశాడు. ఏడాది గడిచాక అవే చిప్పలను మళ్ళీ పరీక్షించాడు. అధికభాగం మారలేదు, కొన్ని మారాయి. ఈ 'కొన్ని' అన్న మాటే ఆ తరువాతి చరిత్రనంతా నడిపించింది. యేల్ విశ్వవిద్యాలయంలో వెస్లీ కో, ఆల్చిప్పలు సాధారణంగా ముందు మగవిగా పరిపక్వమై, పెరిగినకొద్దీ ఎక్కువ పాలు ఆడవవుతాయని చూపాడు. ఇది అర్థం చేసుకోదగినదే. శుక్రకణాలకు ఖర్చు తక్కువ, కోట్లకొద్దీ అండాలను తయారుచేయాలంటే ఒంట్లో సత్తువ కావాలి. జపానులో అమెమియా మరొక అడుగు వేసి, ఆహారాన్ని వడగట్టే మొప్పల్లో కొంతభాగం కోసివేసి చూశాడు. అలాంటి వాటిలో మగవి ఎక్కువయ్యాయి. అంటే తిండి కూడా లింగాన్ని శాసిస్తున్నదన్నమాట. మరి జన్యువుల పాత్ర ఏమిటి?

ఆ ప్రశ్నకు సమాధానం రాకముందే వ్యాపారం దానికి పక్కదారి వెదుక్కుంది. వేసవిలో ఆల్చిప్ప ఒళ్ళంతా అండాలతోనో శుక్రకణాలతోనో నిండి, మెత్తబడి, తినేవారికి వెగటవుతుంది. పాశ్చాత్య భాషల్లో నెలపేరులో 'ర'కారం లేని మే నుంచి ఆగస్టు వరకు ఆల్చిప్పలు తినరాదన్న సామెత ఉండనే ఉంది. 1981లో మేన్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ, అలెన్, హిడు అనే ముగ్గురు, ఒక బూజునుంచి తీసిన సైటోకలాసిన్ అనే రసాయనంతో అండాలను శుద్ధిచేసి, రెండు సెట్లకు బదులు మూడు సెట్ల క్రోమోజోములున్న ఆల్చిప్పలను సృష్టించారు. మన పాఠ్యపుస్తకాల భాషలో వీటిని త్రయస్థితికాలు అనాలి. బేసి సంఖ్య సరిగా పంచబడదు గనుక వీటిలో బీజోత్పత్తి చాలావరకు కుంటుపడుతుంది. ఆడదైనా మగదైనా వేసవిలో గట్టిగా, తినడానికి రుచిగా ఉంటుంది. లింగాన్ని నిర్ణయించలేనివారు లింగాన్నే అప్రధానం చేశారు. గడుసుతనమే!

అయినా ప్రశ్న వెనుక గుమ్మం గుండా తిరిగి వచ్చింది. సంతానహీనమనుకున్న త్రయస్థితిక ఆడవి ఎప్పుడైనా కొద్దిపాటి అండాలు పెడతాయి. 1994లో జిమింగ్ గువో, స్టాండిష్ అలెన్ ఆ అరుదైన అండాలతోనే నాలుగు సెట్ల క్రోమోజోములున్న ఆల్చిప్పలను సాధించారు. వీటిలో మగదానిని మామూలు ఆడదానితో కలిపితే రసాయనంతో పనిలేకుండా సంతానమంతా త్రయస్థితికమే అవుతుంది. కాని అందుకు మగదే కావాలి. ఏది మగదవుతుందో ముందుగా చెప్పగలవారెవరు?

గువో బృందం 1998లో పసిఫిక్ ఆల్చిప్ప కుటుంబాల లెక్కలతో ఒక ప్రతిపాదన చేసింది. ఒకే జన్యుస్థానంలో మ, ఫ అనే రెండు రూపాలున్నాయనుకుందాం. 'మఫ' ఉన్నది జీవితాంతం మగదే. 'ఫఫ' ఉన్నది ముందు మగదై తరువాత ఆడది కావచ్చు, మొదటినుంచీ ఆడదీ కావచ్చు. తల్లి తప్పనిసరిగా 'ఫఫ' గనుక, పిల్లల్లో ఆడమగల నిష్పత్తి తండ్రి ఏ రకమన్న దానిమీద ఆధారపడుతుంది. నాకు ఈ ప్రతిపాదనలో నచ్చినది ఇదీ: ఇక్కడ జన్యువు నిర్ణయిస్తున్నది లింగాన్ని కాదు, లింగం మార్చుకునే స్వేచ్ఛ ఉన్నదీ లేనిదీ మాత్రమే. మిగిలినది తిండికీ, ఉష్ణోగ్రతకూ, ఇతర జన్యువులకూ వదిలివేసింది. 2010లో హెడ్రిక్, హెడ్జ్‌కాక్ ఆ లెక్కలనే తిరగవేసి, ఖాయమైన మగవి, ఖాయమైన ఆడవి, ఎటైనా మొగ్గగలవి అనే మూడు తరగతుల నమూనా మెరుగ్గా సరిపోతుందన్నారు. ఇరువురి మధ్య వాదం గణితంలో ఉంది గాని, కొన్నిటికి స్వేచ్ఛ ఉంది, కొన్నిటికి లేదన్న మూలవిషయంలో కాదు.

2012లో చైనా శాస్త్రవేత్తల నాయకత్వంలో పసిఫిక్ ఆల్చిప్ప జన్యుపటం వెలువడింది. పది జతల క్రోమోజోముల్లో మనుషుల ఎక్స్, వై వంటి వేషభేదం ఏ జతకూ లేదు. రెండేళ్ళ తరువాత గువో సహచరులు దానిలో మూడు జన్యువులను ఎత్తిచూపారు. ఈగల లింగభేదంలో పేరుపడిన డబుల్‌సెక్స్‌కు సోదరి ఒకటి, క్షీరదాల మగతనానికి నాంది పలికే జన్యువుకు జ్ఞాతి ఒకటి, అండాశయాన్ని కాపాడే ఫాక్స్‌ఎల్2 ఒకటి. ఈ మూడవదాని సంగతి చిత్రమైనది. 2009లోనే ఎదిగిన ఆడ ఎలుకల్లో దీనిని తొలగిస్తే అండాశయ కణాలు వృషణ కణాల లక్షణాలను పొందాయి. అంటే స్తన్యజీవిలో సైతం ఆడతనం ఒకసారి రాసి మూసివేసిన పత్రం కాదు, నిత్యం కాపలా కాయవలసిన ఆస్తి. ఆల్చిప్పలో ఆ కాపలా ఋతువుకొకసారి సడలుతుందేమో!

ఇదంతా ప్రయోగశాలల ముచ్చటగానే మిగిలిపోలేదు. 2008 వేసవిలో హెర్పీస్ జాతి వైరస్ కొత్తరూపం ఫ్రాన్సు తీరంలోని పిల్లచిప్పలను ఊచకోత కోసింది. అప్పటినుంచి రోగాన్ని తట్టుకునే వంశాలను పెంచడం అక్కడి రైతులకు జీవన్మరణ సమస్య. ఆవులనో గొర్రెలనో పెంచేవాడు తన మందలో తల్లి ఏదో, తండ్రి ఏదో ముందే ఎరుగును. ఆల్చిప్పల పెంపకందారుకు ఆ భాగ్యం లేదు. మేలైన వంశంలో ఈ ఏడు అన్నీ మగవే తేలితే ఆ జోడింపు వాయిదా పడవలసిందే. మత్తిచ్చి, సూదితో కొద్దిగా తీసి చూసే పద్ధతులు వచ్చినా, చాలా హేచరీల్లో పని నేటికీ బ్రూక్స్ చేసినట్లే సాగుతున్నది. కత్తితో చిప్ప తెరుస్తారు, ఒక చుక్క గాజుపలక మీద వేస్తారు, సూక్ష్మదర్శినిలోకి తొంగిచూసి, అండాలైతే ఒక పాత్రలోకి, శుక్రకణాలైతే మరొక పాత్రలోకి పంపుతారు.