ఆవిరిబండి త్రాగిన నీరు

వేలూరు, గుడియాత్తం ప్రజలు జోలార్‌పేట వైపు సాగే పెద్ద రైలుమార్గమును బాగుగా ఎరుగుదురు. 1856 జూలై 1వ తేదీన రాయపురం నుండి వాలాజా రోడ్డు వరకు నడచిన దక్షిణదేశపు మొదటి రైలే దానికి నాంది. పాలారు లోయ వెంట పడమటికి సాగిన ఆ మార్గము 1862 నాటికి మలబారు తీరమును చేరినది. అయితే జోలార్‌పేటకు దక్షిణముననున్న తిరుపత్తూరు నుండి కృష్ణగిరికి ఒక చిన్న శాఖామార్గము కూడ ఉండేదన్న సంగతి నేటి పిల్లలకే కాదు, పెద్దలలోను చాలమందికి తెలియదు.

దాని పుట్టుకకు కారణము కరవు. 1876-78లో తెలుగువారు ధాత కరవనియు, తమిళులు తాదు వరుష పంజమనియు పిలిచిన ఘోరక్షామము వచ్చినది. అప్పుడు తిరుపత్తూరు, కృష్ణగిరి రెండును సేలం జిల్లాలోనివే. ఆ జిల్లా తీవ్రముగా దెబ్బతిన్నది. రైలుస్టేషనుకు ధాన్యము వచ్చినను, దూరపు పల్లెలకు చేర్చవలసిన ఎడ్లు మేత లేక చచ్చినవి. 1880 నాటి క్షామ విచారణ సంఘము దేశములో మరి 5,000 మైళ్ళ రైలుమార్గము తప్పనిసరి అన్నది. కరవుసీమలకై వేసిన అట్టి చిన్న మార్గములలో ఇదొకటి. 1905లో ప్రారంభమైనది. పొడవు సుమారు 25 మైళ్ళు, పట్టాల నడుమ ఎడము రెండున్నర అడుగులే.

వానలు లేనందున వేసిన రైలుకు ప్రతిదినము నీరు కావలెను! ఆవిరిబండి అనగానే అందరును బొగ్గును తలచెదరు. నీటిని ఎవరును తలవరు. బొగ్గు కొంత తగ్గినను బండి మెల్లగా సాగగలదు. బాయిలరులో నీరు తగ్గినచో ప్రమాదము. అందుచేత బావి నుండి నీటిని తోడి, ఎత్తైన రాతికట్టడముపై నున్న ఇనుపతొట్టిలో నింపెడివారు. ఎత్తునుండి నీరు తనంత తానే వేగముగా దిగును. ఇంజను వచ్చి నిలిచినంతనే పనివాడు పైకెక్కి, వ్రేలాడు గొట్టమును లాగి నీరు పట్టెడివాడు. చిన్న ఇంజను తొట్టి చిన్నది, కావున దప్పిక తరచు. ఉప్పునీరైతే మరియొక బాధ. ఇంట వేన్నీళ్ళ కాగు అడుగున పేరుకొను తెల్లని పొరవంటిదే బాయిలరు గొట్టములకు పట్టును. దానిని గీకి తీయుటకు బండిని ఆపవలసి వచ్చెడిది.

పట్టాల కొలతలు వేరైనందున ప్రతి మూటను తిరుపత్తూరులో ఒక బండి నుండి దించి మరొకదానిలో ఎక్కించవలెను. ఇంతలో మోటారుబస్సులు వచ్చినవి. తుదకు ఈ మార్గము మూతపడినది. 2004లో జిల్లాకేంద్రమైన నాటికిని కృష్ణగిరికి రైలు లేదు. కరవు నుండి కాపాడుటకు వేసినదానిని లాభనష్టములతో తూచుట న్యాయమా?

ఆవిరియంత్రములు పోవుటతో పెద్ద స్టేషనులలోని నీటితొట్లకును పని తగ్గినది. అయితే రైలుకు నీటితో సంబంధము తీరలేదు. 2019 వేసవిలో చెన్నైకి నీరు కరవైనప్పుడు, కావేరీ పథకపు నీటిని జోలార్‌పేటలో రైలుకెక్కించిరి. తమ నీటికి ఎసరు వచ్చునేమోనని వేలూరు జిల్లాలో అలజడి కలిగినది. జిల్లాకు లోటు రానీయమని ప్రభుత్వము మాటయిచ్చినది. జూలై 12వ తేదీన 50 వ్యాగనులతో, సుమారు 25 లక్షల లీటర్ల నీటితో మొదటి బండి చెన్నై విల్లివాక్కం చేరినది.