ఖాతా మనది, చాబీ వాళ్లది

2009 అక్టోబరు నెలలో రెండు ఊళ్లు మునిగిపోయాయి. ఒకటి మా కర్నూలు. రెండోది జియోసిటీస్.

కర్నూలు సంగతి మీకు తెలుసు. అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడ్డాయి. నీళ్లు తీశాక విలేకరిగా పాతబస్తీ గల్లీలన్నీ తిరిగాను. ఏ మిద్దె మీద చూసినా కాగితాలే. నికాహ్‌నామాలు, టెన్త్ మార్కుల లిస్టులు, ఇంటి దస్తావేజులు, పెళ్లి ఆల్బములు ఎండకు పరిచి, గాలికి ఎగిరిపోకుండా రాళ్లు పెట్టారు. సిరా కారిపోయింది, మొహర్లు అలుక్కుపోయాయి. అయినా చాలా కాగితాలు ఎండాక చదవడానికి వచ్చాయి. కాగితం అంత తొందరగా ప్రాణం విడవదు.

జియోసిటీస్ ఇంటర్నెట్‌లో కట్టిన ఊరు. 1994లో అమెరికాలో డేవిడ్ బోనెట్, జాన్ రెజ్నర్ అనే ఇద్దరు దాన్ని మొదలుపెట్టారు. ఎవరైనా సరే ముఫ్త్‌గా ఒక పేజీ కట్టుకోవచ్చు. ఊరన్నాక మొహల్లాలుండాలి కదా, అవీ పెట్టారు. సినిమా ముచ్చట్లకు హాలీవుడ్, కంప్యూటర్లకు సిలికాన్‌వ్యాలీ, చదువులకు, ఫిలాసఫీకి ఏథెన్స్. మొహల్లా పేరు పక్కన ఇంటి నంబరు కూడా ఉండేది. అదే పేజీ పతా. 1999లో యాహూ ఆ ఊరిని 350 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొన్నది. పదేళ్లకు, 2009 ఏప్రిల్‌లో, మూసేస్తున్నామని ప్రకటించింది. అక్టోబరు 26న తాళం వేసింది. పిల్లల ఫొటోలు పెట్టుకున్నవాళ్లు, చనిపోయిన తల్లి మీద నాలుగు మాటలు రాసుకున్నవాళ్లు, వంటలు, కవితలు, ఖాందాన్ చరిత్రలు రాసినవాళ్లు లక్షల మంది ఉన్నారు. అంతా ఖతమ్. ఎండబెట్టుకోవడానికి మిద్దె మీద ఏమీ మిగల్లేదు.

ఈ రెండు మునకలకూ తేడా ఎక్కడుందంటే, కర్నూల్లో మునిగిన పెట్టె మనది. జియోసిటీస్‌లో మనం కిరాయిదార్లం. కిరాయి కట్టని కిరాయిదార్లం కాబట్టి ఇంటి యజమాని ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాల్సిందే.

ఇక్కడ మాటల గురించి ఒక మాట. దఫ్తరు, దస్తావేజు, రసీదు, నకలు, అసలు, జమ, ఖర్చు. ఇవన్నీ ఫార్సీ, అరబ్బీల నుంచి కచేరీల మీదుగా తెలుగులోకి వచ్చి, ఇప్పుడు పల్లెలో రైతు కూడా వాడుకునే మాటలు. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసిన నాకు ఆ మాటలు రెండు ఇళ్లకూ చుట్టాల్లా కనబడతాయి. ఇక ఖాతా అనే మాట చూడండి. కిరాణా దుకాణంలో మన పేరు మీద ఒక ఖాతా ఉంటుంది. కానీ ఆ పుస్తకం ఎవరిది? సేఠ్‌ది. పెట్టె ఆయనది, తాళం ఆయనది, చాబీ ఆయన మొలతాడుకుంటుంది. ఇంటర్నెట్‌లో మనం తెరిచే ఖాతా కూడా అదే తీరు. పేరు మనది, పుస్తకం వాళ్లది.

జియోసిటీస్ తర్వాత ఇరవై ఏళ్లు నిండకముందే ఎన్ని పుస్తకాలు మూతపడ్డాయో చూడండి.

ఆర్కుట్ 2004 జనవరిలో వచ్చింది. దాన్ని కట్టిన టర్కీ ఇంజనీరు ఆర్కుట్ బుయుక్కోక్టెన్ పేరే దానికి పెట్టారు. బ్రెజిల్ తర్వాత దాన్ని గుండెకు హత్తుకున్నది మన దేశమే. నా ఈడు వాళ్లు స్క్రాప్‌బుక్‌లో ఈద్ ముబారక్‌లు చెప్పుకున్నారు, దోస్తుల గురించి టెస్టిమోనియల్స్ రాశారు. 2014 సెప్టెంబరు 30న అది మూతపడింది. ఫొటోలు దింపుకోవడానికి మరో రెండేళ్లు గడువిచ్చారు. గడువు ఉన్నట్టు తెలిసినవాళ్లు ఎంతమంది?

యాహూ గ్రూపులది ఇంకో కథ. తెలుగు సాహిత్యం మీద, ఉర్దూ షాయరీ మీద, అమెరికాలోనూ గల్ఫ్‌లోనూ ఉన్న మనవాళ్ల మధ్య ఎన్నో చర్చలు అక్కడే నడిచాయి. 2019 అక్టోబరులో కొత్తవి పెట్టడం ఆపేశారు. పాతవి కావాలంటే 2020 జనవరి 31లోపు అడిగి తీసుకొమ్మన్నారు. 2020 డిసెంబరు 15న మొత్తం మూసేశారు. యాహూ మెసెంజర్ అంతకు ముందే, 2018 జులై 17న పోయింది. జెద్దాలో ఉన్న భర్తతో నెట్ సెంటర్ పరదా వెనక కూర్చుని భార్య మాట్లాడుకున్న రోజులవి. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్ 2న, స్కైప్ 2025 మే 5న వెళ్లిపోయాయి.

కొన్ని మూతపడకుండానే పోగొట్టాయి. మైస్పేస్ అనే సైటు 2019లో ఒప్పుకున్న విషయం ఇది. సర్వర్లు మార్చేటప్పుడు, 2003 నుంచి 2015 దాకా జనం పెట్టిన పాటలు పోయాయని. దుకాణం తెరిచే ఉంది, గోడౌన్‌లో సరుకు లేదు. కొన్నింటిని సర్కారు మూయించింది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లను మన దేశంలో నిషేధించారు. మన చిన్న ఊళ్లలో దర్జీ పని చేసే పిల్లలు, కూరగాయల బండి తోలే పిల్లలు ఎంతమంది అందులో తమ ముఖం, తమ గొంతు పెట్టుకున్నారు! ఆ ప్రకటనకు ముందు వారం గడువు కూడా లేదు.

అయితే ఈ చరిత్రలో కాపాడినవాళ్లూ ఉన్నారు. 1996లో బ్రూస్టర్ కేల్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంటర్నెట్ ఆర్కైవ్ మొదలుపెట్టాడు. వెబ్ పేజీలకు నకళ్లు తీసి దాచడం దాని పని. 2001 నుంచి వేబ్యాక్ మెషీన్ పేరుతో వాటిని అందరికీ చూపిస్తోంది. మరుసటి ఏడాది తన దగ్గరున్న దానికి ఒక నకలు ఈజిప్టుకు, అలెగ్జాండ్రియాలో కొత్తగా కట్టిన లైబ్రరీకి పంపింది. ప్రాచీన కాలంలో గొప్ప కుతుబ్‌ఖానా ఉండి నాశనమైన ఊరు అదే కదా. నకలు ఒకే ఊళ్లో ఉండకూడదన్న సబక్ ఆ ఊరికంటే బాగా ఎవరు చెబుతారు? ఇక 2009లో జేసన్ స్కాట్, అతని దోస్తులు ఆర్కైవ్ టీమ్ అని ఒక జట్టు కట్టారు. జీతం లేదు, దఫ్తరు లేదు. జియోసిటీస్ మునుగుతుంటే పడవలేసుకుని వెళ్లినట్టు వెళ్లి, దొరికినంత తోడిపోశారు. ఏడాది తర్వాత ఇంచుమించు ఒక టెరాబైటు సరుకు బయటపెట్టారు.

కానీ వాళ్లు తోడగలిగింది బహిరంగంగా ఉన్నదాన్నే. మీ ఇంటి ఫొటోలు, మీ అమ్మీ పంపిన వాయిస్ మెసేజీలు, మీ ఇన్‌బాక్సు ఎవరూ తోడరు. తోడకూడదు కూడా. అది మన ఖాందాన్ అమానత్. దాని హిఫాజత్ మన పనే.

దాచడం ఒక్కటే సరిపోదని మన రెండు భాషల చరిత్రా చెబుతోంది. 1981లో మిర్జా అహ్మద్ జమీల్ నూరీ నస్తాలీఖ్ అక్షరాలు తయారుచేశాక ఉర్దూ పత్రికలు కాతిబ్ కలం నుంచి కంప్యూటర్‌కు మారే దారి దొరికింది. తర్వాత ఇన్‌పేజ్ వచ్చింది. వెబ్‌లో ఆ లిపి కుదరక ఏళ్ల తరబడి ఉర్దూను బొమ్మలుగా పెట్టారు. కంటికి ఇంపుగా ఉంటుంది, వెతికితే ఒక్క మాట దొరకదు. తెలుగు పత్రికలదీ అదే కథ. యూనికోడ్ రాకముందు ఒక్కో పత్రికకు ఒక్కో సొంత ఫాంటు. ఆ ఫాంటు లేకుండా పాత పేజీ తెరిస్తే పిచ్చిగీతలే. వాటిని చదవగలిగే తెలుగులోకి మార్చడానికి పద్మ అనే చిన్న పరికరం తయారుచేయాల్సి వచ్చింది. అంటే ఫైలు బతికి ఉన్నా చదివే దారి చచ్చిపోవచ్చు. అందుకే రాతను సాదా టెక్స్ట్‌గానో పీడీఎఫ్‌గానో, ఫొటోను జేపీఈజీగానో పెట్టుకోవాలి. ఒకే కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకునేవి పెద్దకాలం నమ్మొద్దు.

సర్దడం విషయంలో పాత కాతిబ్‌లను చూసి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. చేతిరాత కితాబు పూర్తయ్యాక కాతిబ్ చివర్లో నాలుగు వాక్యాలు రాసేవాడు. తన పేరు, ఊరు, పూర్తయిన తారీఖు, ఎవరి కోసం రాశాడో. దాన్ని తర్ఖీమా అంటారు. వందల ఏళ్ల తర్వాత ఆ కితాబు ఎక్కడిదో చెప్పేది ఆ నాలుగు వాక్యాలే. మన ఫోన్లలో పదివేల ఫొటోలున్నాయి, ఒక్కదానికీ తర్ఖీమా లేదు. మా ఇంట్లో దాదీ పెట్టెలో ఉన్న ఫొటోల వెనక పెన్సిలుతో రాసి ఉంది: ఎవరు, ఎవరి వలీమా, ఏ సంవత్సరం. అందుకే అవి నాకు పనికొస్తున్నాయి. మామూ 1980ల్లో జెద్దా నుంచి ఖత్‌కు బదులు మాటలు నింపి పంపిన క్యాసెట్ల మీద కూడా తారీఖు ఉంది. వాటిలో ఒకటి ఇప్పటికీ మోగుతుంది.

మా ఖాలూ విషయంలో అట్లా జరగలేదు. ఆయన ఇంతెఖాల్ అయ్యాక ఉమ్రా ఫొటోలన్నీ ఫోన్ ఖాతాలోనే ఉండిపోయాయి. పాస్‌వర్డ్ ఆయనతోపాటే వెళ్లింది. ఖాలా తరఫున కంపెనీకి రాస్తే మరణ ధ్రువపత్రం కావాలన్నారు. మున్సిపాలిటీ ఇచ్చింది పంపితే, ఖాతాలో ఉన్న పేరు, కాగితంలో ఉన్న పేరు ఒకటి కావన్నారు. ఒకచోట షేక్ పూర్తిగా, ఇంకోచోట ఒట్టి పొడి అక్షరాలు. మన ఇళ్లలో ఈ తేడా లేని ఖాందాన్ ఉందా? రేషన్ కార్డులో ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా, ఓటరు లిస్టులో మరొకలా. ఆ ఫొటోలు ఇప్పటికీ ఖాలాకు రాలేదు.

చట్టాలు కొంత దారి చూపించాయి. 2018 మే 25 నుంచి అమలైన యూరప్ చట్టం, మన వివరాలను వేరేచోటికి తీసుకెళ్లే హక్‌ను అక్కడి జనానికి ఇచ్చింది. మన దేశంలో 2018, 2019 ముసాయిదాల్లో ఆ హక్ ఉండింది. 2023లో చేసిన చట్టంలో అది లేదు. అయితే మనం చనిపోతే మన తరఫున అడగడానికి ఒకరిని నామినీగా పెట్టే హక్ అందులో రాశారు. చట్టం కోసం ఆగకుండా గూగుల్‌లో ఆ ఏర్పాటు ఇప్పుడే చేసుకోవచ్చు. ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని 2013 నుంచి ఉంది. ఇన్ని నెలలు ఖాతా తెరవకపోతే ఫలానా కొడుక్కి, ఫలానా కూతురికి ఇవ్వండని ముందే రాసిపెట్టవచ్చు. ఇంకో విషయం గుర్తుంచుకోండి. రెండేళ్లు ముట్టుకోని వ్యక్తిగత ఖాతాలను తీసేయవచ్చన్న నియమాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమల్లో పెట్టింది. మరహూమ్ అబ్బా జీమెయిల్ ఉందిలే అనుకుని వదిలేస్తే ఒకరోజు ఉండదు.

ఇక పని సంగతి. గూగుల్‌లో 2011 నుంచి టేక్అవుట్ ఉంది. అడిగితే మన మెయిళ్లు, ఫొటోలు అన్నీ మూటగట్టి ఇస్తుంది. ఫేస్‌బుక్‌లోనూ అట్లా అడిగే దారి ఉంది. వాట్సాప్‌లో ముఖ్యమైనవాళ్ల సంభాషణను ఎక్స్‌పోర్ట్ చాట్ నొక్కి టెక్స్ట్‌గా తీసుకోవచ్చు. ఏడాదికోసారి, రంజాన్‌కు ముందు ఇల్లు సర్దుకునే రోజుల్లో ఈ పని పెట్టుకోండి, గుర్తుంటుంది.

తీసుకున్నదాన్ని మూడు నకళ్లు చేయాలి. రెండు రకాల వస్తువుల మీద పెట్టాలి. ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారం చేసిన లెక్క ఇది. మన ఇళ్లకు ఇది కష్టం కాదు. ఒక హార్డ్‌డిస్కు ఇంట్లో, ఒకటి హైదరాబాద్‌లో బెహెన్ దగ్గర, మూడోది ఏదో ఒక ఆన్‌లైన్ ఖాతాలో. పెన్‌డ్రైవును ఒంటరిగా నమ్మొద్దు. నికాహ్‌నామా, దస్తావేజు లాంటివి స్కాన్ చేసినా అసలు పారేయొద్దు. పాత కచేరీల్లో నకలు మీద "నకల్ ముతాబిఖ్ అసల్" అని రాసేవారు, అసలుకు సరిపోయిన నకలు అని. అసలు ఉన్నప్పుడే ఆ మాటకు విలువ.

ఫైలు పేరు తారీఖుతో మొదలుపెట్టండి. ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు, ఆ తర్వాత ఎవరు, ఎక్కడ. అప్పుడు ఏ కంప్యూటర్‌లో వేసినా వరసగా నిలబడతాయి. అన్నింటినీ దాచాలని కూర్చోవద్దు. గుడ్ మార్నింగ్ పువ్వులు, ఫార్వర్డ్‌లు పోతే పోనీ. పదివేల ఫొటోల్లో రెండొందలు ఏరి వాటికి పేర్లు పెడితే, మిగతా తొమ్మిదివేల ఎనిమిదొందలకంటే అవే మన పిల్లలకు విరాసత్ అవుతాయి.

అన్నిటికంటే తొందరగా చేయాల్సిన పని ఇంటర్నెట్‌లో లేదు. పాత ఫొటోలో వెనక వరసలో నిలబడ్డ నలుగురి పేర్లు ఇప్పుడు నానీకి ఒక్కదానికే తెలుసు. ఈ జుమా మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె పక్కన కూర్చోండి. ఒక్కో ఫొటో చూపించి అడగండి, ఆమె చెబుతుంటే ఇంట్లో పిల్లతో రాయించండి. చివర్లో తారీఖు వేసి, రాసినవాళ్ల పేరు కూడా రాయమనండి.