దేశమంటే పల్లె: జావా గ్రామాలలో ఆగస్టు 17 పండుగ

తెలుగువారికి 'దేశం' అంటే విశాలమైన భూభాగం, రాజ్యం. జావా ద్వీపవాసులకు 'దేస' అంటే పల్లె. రాజ్యాన్ని వారు 'నెగర' అంటారు. సంస్కృతం నుండి బయలుదేరిన మాటలు సముద్రం దాటేసరికి అర్థాలు మార్చుకున్నాయి. ప్రజలను వారు 'రక్యత్' అంటారు. ఇది అరబ్బీ 'రఇయ్యత్' నుండి వచ్చినది. అదే మాట మొగలాయి, నిజాం పాలనల కాలంలో మన కచేరీ కాగితాలలో స్థిరపడి 'రైతు' అయినది. స్వాతంత్ర్యానికి వారి మాట 'మెర్దేక'. దాని మూలం 'మహర్ధిక' అనే సంస్కృత పదం. 1945 ఆగస్టులో ఇండొనేషియా 'మెర్దేక' పొందినప్పుడు ఆ వార్త నెగరకు సంబంధించినది. అది దేసకు, అనగా పల్లెకు, ఎలా చేరినది? రాజ్యం నిర్ణయించిన ఒక తేదీని పల్లె తన పండుగగా ఎలా చేసుకున్నది? ఈ ప్రశ్న ఇండొనేషియాకు మాత్రమే పరిమితమైనది కాదు. సామాన్య ముస్లింల మతజీవనాన్ని ఏ కొలబద్దతో కొలవాలన్న ప్రశ్న కూడా ఇందులో ఇమిడి ఉన్నది.

మొదట ఆ దినాన్ని గురించి కొంత తెలుసుకోవాలి. 1945 ఆగస్టు 15న జపాను లొంగిపోయినది. 16వ తేదీ రాత్రి జకార్తాలో జపాను నౌకాదళాధికారి మయేదా ఇంట్లో సుకర్ణో, హట్టా ప్రభృతులు ప్రకటన పాఠాన్ని తయారుచేశారు. అది రంజాన్ మాసం. వారు ఆ ఇంట్లోనే సహరీ భుజించినట్లు హట్టా తన జ్ఞాపకాలలో రాశాడు. మరునాటి ఉదయం 10 గంటలకు పెగాంగ్సాన్ తీమూర్ వీధిలోని 56వ నంబరు ఇంటి ముందు సుకర్ణో ఆ పాఠాన్ని చదివాడు. ఆయన భార్య ఫత్మావతి కుట్టిన ఎరుపు తెలుపు జెండాను ఎగురవేశారు. ఆ కాగితం మీద సంవత్సరం '05' అని ఉన్నది. అది జపాను వారి 2605కు సంక్షిప్త రూపం. హిజ్రీ లెక్కలో ఆనాడు 1364 రంజాన్ 9, శుక్రవారం. జావా వారికి అయిదు రోజుల సంతవారం కూడా కలదు. ఆ లెక్కలో అది 'లెగి' రోజు. శుక్రవారమూ లెగీ కలిసిన దినానికి జావా పల్లెలలో ప్రత్యేకమైన గౌరవమున్నది. ఒకే దినానికి ఇన్ని లెక్కలు చెప్పగలిగిన ప్రజలకు అది వట్టి సర్కారీ తేదీగా మిగిలిపోవడం అసంభవం.

జావా సుల్తాన్ అగుంగ్ 1633లో పాత శక పంచాంగాన్ని హిజ్రీ చాంద్రమానంతో కలిపి కొత్త కాలగణన ఏర్పరచాడు. ఇస్లామీ లెక్కలో వలెనే ఇందులోనూ దినం సూర్యాస్తమయంతో మొదలవుతుంది. అందువల్ల రాజధానిలో పండుగ 17వ తేదీ ఉదయం జెండా వందనంతో ప్రారంభమైతే, పల్లెలో 16వ తేదీ మగ్రిబ్ తరువాతనే ప్రారంభమయ్యేది. తేదీ రాజ్యానిది. ఆ తేదీ ఎప్పుడు మొదలవుతుందో నిర్ణయించినది పల్లె.

ఆ రాత్రి జరిగే సమావేశానికి 'తిరకాతాన్' అని పేరు. త్యజించడమనే అర్థంగల అరబ్బీ 'తర్క్' ధాతువు నుండి ఈ మాట వచ్చిందని కొందరు, 'తరీఖత్' నుండి వచ్చిందని మరికొందరు చెబుతారు. నిద్ర మాని మేల్కొని ఉండడం, భోగాలను తగ్గించుకుని ఈశ్వర ధ్యానంలో గడపడం దాని పూర్వార్థం. ఇరుగుపొరుగువారు బాట మీదనో, ఒకరి ఇంటి ముంగిటనో చాపలు పరుచుకుని కూర్చుంటారు. పెద్దలు పోరాట దినాలను గుర్తుచేస్తారు. అసువులు బాసిన వారికోసం దుఆ చేస్తారు. మధ్యలో 'తుంపెంగ్' ఉంటుంది. అది శిఖరాకారంగా పోసిన అన్నపు రాశి. చుట్టూ కోడిమాంసం, గుడ్లు, కూరలు అమర్చి ఉంటాయి. దుఆ ముగిసిన తరువాత దానిని కోసి అందరూ పంచుకుంటారు.

యుద్ధానంతరం పల్లెవాసులు ఈ పద్ధతిని కొత్తగా కల్పించలేదు. పుట్టుక, సున్తీ, పెళ్ళి, మరణం, కోత మొదలైన ప్రతి సందర్భంలోనూ వారు జరుపుకునే 'స్లమెతాన్' విందుకు ఇది మరొక రూపం. స్లమెతాన్ అనే మాటకు మూలం అరబ్బీ 'సలామత్'. దీనికే మరో పేరు 'కెందురి'. పారశీకంలో 'కందూరీ' అంటే భోజనానికి పరిచే తోలు గుడ్డ, తద్వారా విందు. ఈ మాట తెలుగు పాఠకులకు పరాయిది కాదు. తెలంగాణ పల్లెలలో దర్గా వద్ద మొక్కు తీర్చుకుని నలుగురికీ భోజనం పెట్టడాన్ని 'కందూరు చేయడం' అంటారు. హిందూ కుటుంబాలు కూడా కందూరు చేస్తాయి. జావాలో అతిథులు విందులో కొద్దిగా తిని, మిగిలినది ఆకులో చుట్టి ఇంటికి తీసుకుపోతారు. ఆ పొట్లాన్ని 'బెర్కత్' అంటారు. అది 'బరకత్' తప్ప వేరు కాదు. ఇంటి యజమాని జావా భాషలో విందు ఉద్దేశాన్ని అందరి ముందూ చెబుతాడు. తరువాత మతవిధులు తెలిసినవాడు అరబ్బీలో దుఆ చదువుతాడు. కూర్చున్నవారు 'ఆమీన్' అంటారు. ఆగస్టు విందులో ఉద్దేశం మాత్రమే మారినది. బిడ్డ పుట్టినందుకు కాక, దేశం పుట్టినందుకు షుక్ర్.

పగటి వేడుకల చరిత్ర వేరు. వానిలో ముఖ్యమైనది 'పాంజత్ పినాంగ్'. నున్నగా చెక్కిన పోకమానుకు జిడ్డు పూసి, కొనకు బహుమతులు వేలాడగట్టి, యువకులు ఒకరి భుజాల మీద ఒకరు నిలబడి ఎక్కుతారు. రాయలసీమలో ఉట్లమాను ఎక్కే వేడుక చూసినవారికి ఈ దృశ్యం వెంటనే అర్థమవుతుంది. కాని జావాలో దీనికి చేదు జ్ఞాపకం కూడా ఉన్నది. డచ్చి పాలనలో రాణి విల్హెల్మినా జన్మదినమైన ఆగస్టు 31 వంటి సందర్భాలలో ఇటువంటి పోటీలు జరిగేవి. బట్టకోసం, తిండికోసం దేశీయులు జారిపడుతుంటే దొరలు కూర్చుని చూసేవారు. 1913లో నెపోలియన్ ఆధిపత్యం నుండి తమ దేశం విముక్తమై నూరేళ్లయిన సందర్భంగా డచ్చివారు తమ వలసలోనూ ఉత్సవాలు తలపెట్టినప్పుడు, సువర్ది సూర్యనింగ్రత్ 'నేనే డచ్చివాణ్ణయితే' అనే వ్యాసం రాశాడు. బానిసలుగా ఉంచినవారి ఎదుట స్వాతంత్ర్యోత్సవం చేసుకోవడం, ఖర్చుకు వారినే చందా అడగడం సిగ్గుచేటని దాని సారాంశం. అందుకు ఆయనకు ప్రవాస శిక్ష పడినది. తరువాత ఆయనే కి హజర్ దేవంతర అనే పేరుతో స్వతంత్ర ఇండొనేషియాకు తొలి విద్యామంత్రి అయ్యాడు. ఆయన ఎత్తిపొడిచిన ఉత్సవాలలోని ఆటలను 1950 తరువాత పల్లెవాసులు తమ సొంత పండుగలోకి తెచ్చుకున్నారు. చూసేవారూ ఎక్కేవారూ ఒకే వాడవారైనప్పుడు ఆటలోని అవమానం తొలగిపోయినది.

పండుగ నిర్వహణ యంత్రాంగం మరొక చోటినుండి వచ్చినది. 1944లో జపాను సైనిక ప్రభుత్వం ధాన్య సేకరణకూ, నిఘాకూ 'తొనారిగుమి' అనే ఇరుగుపొరుగు సంఘాలను జావాలో ఏర్పాటు చేసినది. యుద్ధం ముగిసినా అవి పోలేదు. 'రుకున్ తెతాంగా', అనగా పొరుగువారి సఖ్యత అనే పేరుతో కొనసాగాయి. ఆగస్టు పండుగకు చందాలు వసూలు చేసేది, వీధి మొదట వెదురు ద్వారం కట్టించేది, పోటీలు నడిపేది ఈ సంఘాలే. ఈ విధంగా అన్నం స్లమెతాన్ నుండి, దుఆ ఇస్లాం నుండి, ఆటలు డచ్చివారి నుండి, సంఘం జపానువారి నుండి సంక్రమించాయి. నలుగురి నుండి వచ్చిన సామగ్రితో పల్లె కట్టుకున్న పండుగ ఇది.

తొలి సంవత్సరాలలో ఈ పండుగ నిశ్చింతగా జరుపుకునే వీలు లేదు. 1946లో ఆ తేదీ మళ్ళీ రంజాన్‌లోనే వచ్చినది. 1947 జూలై 21న, ఉపవాస మాసపు తొలి దినాలలో, డచ్చి సైన్యం పెద్ద దాడి ప్రారంభించినది. ఆ ఏడు ఆగస్టు 17 రంజాన్ చివరి దినాలలో పడినది. 1948 డిసెంబరు 19న రెండవ దాడిలో రాజధాని యోగ్యకర్తా పట్టుబడినది. 1949లో జావాలో కాల్పుల విరమణ అమలులోకి వచ్చిన ఆగస్టు 11కు ఆరు రోజుల తరువాత నాలుగవ వార్షికోత్సవం వచ్చినది. అదే సంవత్సరం డిసెంబరు 27న డచ్చివారు అధికారాన్ని అప్పగించారు. 1950 ఆగస్టు 17న ఏకీకృత గణతంత్రం ఏర్పడినది. నెదర్లాండ్స్ చాలాకాలం డిసెంబరు తేదీనే స్వాతంత్ర్య దినంగా పరిగణించినది. 2005లో వారి విదేశాంగ మంత్రి 1945 తేదీని రాజకీయంగా, నైతికంగా అంగీకరించాడు. 2023లో వారి ప్రధాని దానిని పూర్తిగా గుర్తిస్తున్నామని ప్రకటించాడు. దాతలు చెప్పిన తేదీ కాక తాము ప్రకటించుకున్న తేదీయే నిజమని పల్లెలలో ఏటా తుంపెంగ్ కోసినవారు అంతకు అరవై ఏళ్ల ముందునుండే చెబుతూ వచ్చారు.

అయితే ధార్మిక ముస్లింలందరికీ ఈ తేదీ సుళువుగా మింగుడుపడలేదు. 1945 జూన్ 22 నాటి జకార్తా పత్రంలో ముస్లింలు షరీఅత్‌ను ఆచరించే బాధ్యత గురించిన ఏడు పదాలు ఉన్నాయి. ప్రకటన జరిగిన మరునాడే, ఆగస్టు 18న, ఐక్యత కోసం వాటిని తొలగించారు. అయినను అక్టోబరు 22న సురబయాలో హాషిమ్ అష్అరీ నాయకత్వాన నహ్దతుల్ ఉలమా గణతంత్ర రక్షణను జిహాద్‌గా ప్రకటించినది. శత్రువుకు 94 కిలోమీటర్ల లోపల ఉన్నవారికి అది ఫర్జె ఐన్ అన్నది. ప్రయాణంలో నమాజును కుదించుకొనడానికి ఫిఖ్హ్ అనుమతించే దూరం నుండే ఆ కొలత తీసుకున్నారు. మరొకవైపు పశ్చిమ జావాలో కర్తోసువిర్యో 1949 ఆగస్టు 7న ప్రత్యేక ఇస్లామీ రాజ్యాన్ని ప్రకటించాడు. 1962లో అతను పట్టుబడేవరకు ఆ ప్రాంతపు పల్లెలు రెండు రాజ్యాల నడుమ నలిగాయి. రెండు ప్రకటనల మధ్య పది దినాల దూరం. జెండా ఎగురవేయడమే ప్రాణాపాయమైన చోటు అది.

తిరకాతాన్ విందు గురించి కూడా వివాదమున్నది. 1912లో స్థాపితమైన ముహమ్మదియ్యా సంస్కర్తలకు స్లమెతాన్ ఆచారాలు బిద్అత్‌గా తోచాయి. 1952-54లో తూర్పు జావాలో పరిశోధన చేసిన క్లిఫర్డ్ గీర్ట్జ్ తన గ్రంథంలో దానిని పూర్వ విశ్వాసాల మిశ్రమంగా చూశాడు. 1989లో మార్క్ వుడ్‌వర్డ్ దీనిని ఖండిస్తూ, సూఫీ సంప్రదాయాలలోనూ, అన్నదానాన్ని ప్రోత్సహించే హదీసులలోనూ దాని మూలాలున్నాయని వాదించాడు. విందు క్రమాన్ని పరిశీలిస్తే వుడ్‌వర్డ్ వాదమే బలంగా కనిపిస్తుంది. అక్కడ నియ్యత్‌ను చెప్పుకుంటారు, అల్లాహ్‌ను ప్రార్థిస్తారు, అన్నాన్ని పొరుగువారితో పంచుకుంటారు. తమ స్వాతంత్ర్యం అల్లాహ్ కృపతో లభించిందని ఇండొనేషియా రాజ్యాంగ పీఠిక చెబుతున్నది. పల్లెవాసులు ఆ మాటను న్యాయస్థానంలో కాక చాప మీద కూర్చుని అమలుపరిచారు.

ఈ పండుగను అతిగా పొగడుట కూడా సరికాదు. 1954లో గీర్ట్జ్ ఉన్న పట్టణంలో ఒక బాలుడు మరణించినప్పుడు, బంధువు వేరొక పార్టీవాడైనందున మతాధికారి అంత్యక్రియలు జరపడానికి నిరాకరించాడు. పొరుగువారు ఏమి చేయాలో తోచక నిలబడిపోయారు. 1955 ఎన్నికలలో జావా వాడలు పార్టీల వారీగా చీలాయి. 1965 అక్టోబరు తరువాత మధ్య, తూర్పు జావాలలోనూ, బాలిలోనూ లక్షలాది మంది హతులయ్యారు. ముస్లిం యువజన దళాలు కూడా ఆ హత్యలలో పాల్గొన్నాయి. చంపినవారూ చచ్చినవారూ అనేక చోట్ల ఒకే ఊరివారు, వెనుకటి ఆగస్టులలో ఒకే రాశి నుండి అన్నం తిన్నవారు. విందు పొరుగుతనాన్ని వ్యక్తం చేయగలదు. పొరుగుతనం చచ్చిన చోట దానిని బ్రతికించలేదు. పల్లె పండుగల చరిత్ర రాసేవారు ఈ రెండవ సత్యాన్ని దాచకూడదు.

అయినను ఏటా ఆగస్టు 16 మగ్రిబ్ తరువాత జావా వీధులలో చాపలు పరుస్తూనే ఉన్నారు. 2012లో ఆగస్టు 17 మళ్ళీ రంజాన్‌లో, మళ్ళీ శుక్రవారం నాడు వచ్చినది. సలామత్, బరకత్, షుక్ర్ అనే మాటలు గ్రంథాలలో ఉన్నవే. అవి పల్లెలో బ్రతికి ఉన్నాయా లేదా అన్నది ఆ అన్నపు పొట్లం ఎవరి గడప వరకు చేరుతున్నదన్న దానిని బట్టి తెలుస్తుంది. పార్టీ వేరైన పొరుగువాని గడపకూ, 1965లో తండ్రిని కోల్పోయినవాని గడపకూ అది చేరిన ఊరిలోనే దేసకూ దేశానికీ అర్థం ఒకటవుతుంది.